తలంబ్రాల పువ్వును సాక్ష్యం తెచ్చినవాడు

మనిషి మారతాడా అన్న ప్రశ్నకు ఒక పువ్వును సాక్ష్యంగా పట్టుకొచ్చినవాణ్ణి నా ఉద్యోగ జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆ సాక్ష్యాన్ని నేను పరీక్షించాను. అది నిజమని తేలింది. నేను ఆ పరీక్ష చేస్తున్న రోజుల్లోనే కొండ మీద ముగ్గురు చనిపోయారు.

ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. చెప్పకపోవడానికి కారణం మరుపు కాదు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. నర్సీపట్నంలో ఒక పెంకుటింట్లో మా మలేరియా యూనిట్ ల్యాబ్ ఉండేది. ముందు గదిలో యూనిట్ అధికారి, వెనక గదిలో నేనూ, నా మైక్రోస్కోపూ, రంగు నీళ్ళ తొట్లూ. వాటి మధ్య ఒక అటెండరమ్మ. వయసులో నాకంటే చాలా పెద్దది. స్లైడ్లకు రంగు ఎక్కించడంలో ఆమెకు సాటి వచ్చినవాళ్ళను నేను తర్వాత ఎక్కడా చూడలేదు. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి. చూడనిది నమ్మకూడదు, చూసినదాన్ని రెండోసారి చూడకుండా నమ్మకూడదు అన్నది నా నియమం. ఆ నియమాన్ని చూసుకుని నాకు గర్వం కూడా ఉండేది.

పని పద్ధతి క్లుప్తంగా చెబుతాను. మా సర్వేలెన్సు వర్కర్లు పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి. జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క రాసి, క్లోరోక్విన్ మాత్రలు మింగించి రావాలి. ఇంటి గోడ మీద గళ్ళ ముద్ర ఉండేది. వచ్చిన తేదీ వేసి ఆ గళ్ళో పొడి సంతకం పెట్టాలి. స్లైడ్లు నా దగ్గరకు వస్తాయి. నెత్తుట్లో పురుగు కనిపిస్తే అదే రోజు కబురూ, పూర్తి మందూ వెనక్కి వెళ్ళాలి.

గొలుగొండ వైపు పల్లెలకు ఒక వర్కరు ఉండేవాడు. ముప్పై దాటినవాడు, మాటకారి, ఆయాసం మనిషి. ఒకసారి అతని దగ్గర నుంచి నలభైకి పైగా స్లైడ్లు వచ్చాయి. ఒక్కదానిలోనూ మలేరియా లేదు. కాని ప్రతిదానిలోనూ ఎర్ర రేణువులు నిండిన ఒక రకం తెల్లకణాలు ఉండవలసినదానికి ఎన్నో రెట్లున్నాయి. జనం ఇస్నోఫీలియా అనేది దాన్నే. ఇన్ని ఇళ్ళలో ఇంతమందికి ఒకే తీరున ఇస్నోఫీలియా ఎలా వస్తుంది? అతన్ని పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, వేలు పొడిచాను. మైక్రోస్కోపు కింద అదే చిత్రం. నలభై ఇళ్ళ నెత్తురూ అతని ఒక్క వేలిదే.

"తిరగలేక సేసేను బాబూ. ఆయాసం," అన్నాడు.

నాలుగు నెలలు సస్పెండ్ చేశారు. ఆ తర్వాత శిక్షగా కొయ్యూరు దాటిన కొండ పల్లెలకు వేశారు. నా తనిఖీని యూనిట్‌లో అందరూ మెచ్చుకున్నారు. అధికారి అయితే వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పేవాడు.

కొండకు వెళ్ళేముందు అతను స్లైడ్ల పెట్టె, స్పిరిట్, దూది తీసుకోవడానికి ల్యాబ్‌కు వచ్చాడు. మా పెరటి కంచె పొడుగునా లాంటానా పొదలుండేవి. తలంబ్రాల చెట్టు అంటారు. గుత్తిలో పసుపూ ఎరుపూ కలిసి తలంబ్రాల్లా ఉంటాయని కాబోలు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు, ఎంత నరికినా చావదు. అతను ఒక రెమ్మ విరిచి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది సూడండి బాబూ. పూసినప్పుడు పసుపు. మర్నాటికి నారింజ. ఆ మర్నాటికి ఎరుపు. ఎరుపెక్కినది మళ్ళీ పసుపవదు. నేనూ అంతే. ఇంక ఎనక్కెల్లను."

"నువ్వు చూశావా?"

"ఏటి బాబూ?"

"ఒకే పువ్వు రంగు మారడం. దారం కట్టి, గుర్తు పెట్టి చూశావా? గుత్తి మధ్యలో పసుపువీ అంచున ఎరుపువీ వేరువేరుగానే పుడుతున్నాయేమో."

"దారవెందుకండీ, కల్లున్నాయి గదా."

"గొలుగొండ స్లైడ్లు చూసినప్పుడు నాకూ కళ్ళే ఉన్నాయి," అన్నాను.

అతను నవ్వలేదు. తొట్టి దగ్గర స్లైడ్లు కడుగుతున్న అటెండరమ్మ తల తిప్పకుండానే అంది: "పువ్వుక్కూడా సూది గుచ్చుతారేటి బాబూ? ఆడు మారేనంటన్నాడు, మారేడనుకుంటే మీ సొమ్మేటి పోయింది?"

"అనుకోవడం నా ఉద్యోగం కాదమ్మా," అన్నాను.

అతను పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెమ్మ సాయంత్రానికి వాడిపోయింది.

తర్వాత ఏడెనిమిది నెలలు అతని దగ్గర నుంచి స్లైడ్లు క్రమంగా వచ్చాయి. కొన్నిటిలో పురుగు ఉండేది, ఎక్కువ వాటిలో ఉండేది కాదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి లేదని నేను ఒప్పుకోలేదు, ఇంకా దొరకలేదనుకున్నాను. ఈ రెంటికీ మధ్య తేడా మీకు తెలియాలి. మొదటిది శాస్త్రం, రెండోది పగ. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వానలు పట్టిన తర్వాత ఒక సోమవారం బస్సు కండక్టరు చేత ఒక పెట్టె వచ్చింది. ఇరవై ఏడు స్లైడ్లు. అన్నీ ఒకే కొండ పల్లెవి, పాతిక గడపలు కూడా లేని ఊరు. వెంట ఒక చీటీ: "ఊరంతా జొరాలు. ఇద్దరు పోయారు. నా దగ్గరున్న మాత్రలు తొమ్మిదిమందికి సరిపోయాయి. బేగి పంపించండి."

మంగళవారం పొద్దున్న చూడడం మొదలుపెట్టాను. మొదటి స్లైడులో ప్రాణం తీసే రకం మలేరియా, ఉంగరాలు ఉంగరాలుగా, లెక్కకు మించి. రెండోదానిలోనూ అంతే. మూడోదానిలోనూ. కాని మూడింటిలోనూ ఇంకొకటి కనిపించింది. ఎర్ర రేణువుల తెల్లకణాలు. విపరీతంగా.

ఆ క్షణంలో నాకు కలిగినది ఏమిటో దాచను. సంతోషం. దొరికాడనుకున్నాను. ఒక్క జ్వరం మనిషి దొరకగానే కూర్చుని ఇరవై ఏడు పలకలు రాశాడనుకున్నాను. మొదటి మూడు స్లైడ్లను నూరేసి క్షేత్రాలు, అంటే కటకం కింద ఒక్కోసారి కనిపించే గుండ్రటి మేరలు, చూశాను. మిగిలిన ఇరవై నాలుగింటిని పదేసి కూడా చూశానో లేదో. నేను వెతుకుతున్న ఎర్ర రేణువులు కనిపించగానే పక్కన పెట్టేశాను.

ముందు గదిలోకి వెళ్ళి చెప్పాను. అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మళ్ళీ మొదలెట్టాడా! నేననుకుంటూనే ఉన్నానండీ. కుక్క తోక."

"చీటీలో ఇద్దరు పోయారని రాశాడు."

"మాత్రలు కావాలంటే అలాగే రాస్తారు. మీరేమంటారు?"

నేనేమంటే అది జరిగే సమయం అది. "ఒకరికి మాత్రం నిజంగా ఉందండీ. ఆ ఒకరికి మందు పంపుదాం. మిగతా వాటికి సంజాయిషీ అడుగుదాం," అన్నాను.

గురువారం తపాలులో రెండూ వెళ్ళాయి. మొదటి స్లైడు మీద పేరున్న మనిషికి మాత్రల పొట్లం, వర్కరుకు మెమో. పెట్టెను "సందేహాస్పదం" అని రాసి బీరువాలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. మనిషి అబద్ధం తేలిపోయింది, ఇక పువ్వు అబద్ధం కూడా తేలిపోతే లెక్క ముగుస్తుందనుకున్నాను కాబోలు. విచ్చీ విచ్చని నాలుగు గుత్తులకు ఎర్ర దారం కట్టాను. పురుగులు వాలకుండా రెండింటికి పలుచటి గాజుగుడ్డ చుట్టాను. రోజూ పొద్దున్న పదింటికి గుత్తి బొమ్మ గీసి, ఏ పువ్వు ఏ రంగులో ఉందో రాసుకునేవాణ్ణి.

"ముసుగేసేరేటి బాబూ దానికి?" అంది అటెండరమ్మ గుమ్మంలో నిలబడి. "పెళ్ళికూతురా?"

"ఏం చేస్తుందో చూద్దామని."

"ఆ పెట్టెలోవి సూడ్డం అయిపోయిందా మరి?"

"అయిపోయింది."

ఆమె ఏదో అనబోయి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె ఏమనబోయిందో నేను అడగవలసింది.

శుక్రవారానికి పసుపు పువ్వులు నారింజకు తిరిగాయి. శనివారానికి ఎర్రబడ్డాయి. సోమవారానికి కొన్ని రాలిపోయాయి. ఒక్కటీ వెనక్కి పసుపు కాలేదు. అతను చెప్పినది అక్షరాలా నిజం. ముసుగు వేసిన రెండు గుత్తుల్లో మాత్రం పసుపు చాలావరకు అలాగే ఉండిపోయింది. రెండు గుత్తులతో నేను ఏ సిద్ధాంతమూ చెప్పను, ఒకటి మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను: "రంగు దానంతట అది మారుతున్నట్టు లేదు. ఏదో వచ్చి వాలితే మారుతోంది." కింద ఇంకో వాక్యం రాశాను: "పువ్వు విషయంలో రుజువైనది మనిషికి వర్తించదు." తర్కం ప్రకారం ఆ వాక్యంలో తప్పు లేదు. అంత నిర్దోషమైన వాక్యం రాస్తున్నప్పుడు నా వెనక బీరువాలో ఇరవై నాలుగు స్లైడ్లు సరిగా చూడకుండా ఉన్నాయి.

బుధవారం పొద్దున్న అతనే వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ఎగశ్వాసతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఊరికంతా ఒక్కరి మాత్రలొచ్చేయి బాబూ," అన్నాడు. "ఒక మెమో వొచ్చింది."

"ఎలా ఉన్నారు?"

"పెట్టె పంపినంక ఇంకో ముగ్గురు పోయేరు. మీరు పొట్లం మీద పేరు రాసినాడు, ఆడు పొట్లం వొచ్చే ముందు రోజే పోయేడు. అది ఇంకోలికి ఏసేను. తప్పయితే రాసుకోండి."

అటెండరమ్మ బీరువా తెరిచి పెట్టె తెచ్చి మైక్రోస్కోపు పక్కన పెట్టింది. "ఇప్పుడు సూడండి," అంది. మేం కలిసి పనిచేసిన పదకొండు సంవత్సరాల్లో ఆమె నాకు ఇచ్చిన ఆజ్ఞ అదొక్కటే.

చూశాను. నాలుగో స్లైడు నుంచి మొదలుపెట్టి, నియమం ప్రకారం, నూరేసి క్షేత్రాలు. ఒకదానిలో ఉంగరాలు వందలు, ఇంకొకదానిలో నాలుగైదు. ఒకదానిలో ముదిరిన అరటికాయ ఆకారపు పురుగులు, పక్కదానిలో అవి లేనే లేవు. ఒకరి నెత్తురు పాలిపోయి నీళ్ళలా ఉంది, ఇంకొకరిది చిక్కగా ఉంది. ఇరవై ఏడుగురు వేరు వేరు మనుషులు. ఎర్ర రేణువుల కణాలు మాత్రం దాదాపు అందరిలోనూ ఉన్నాయి. ఎందుకంటే చెప్పుల్లేకుండా తడి నేల మీద తిరిగే ఆ ఊళ్ళో అందరి కడుపుల్లోనూ కొంకిపురుగులున్నాయి. కడుపులో పురుగులున్నా ఆ కణాలు పెరుగుతాయన్నది నేను పరీక్షకు చదివి, మార్కులు తెచ్చుకున్న పాఠం. ఒకే గుర్తుకు రెండు కారణాలుంటాయన్నది మొదటి సంవత్సరం విద్యార్థికి తెలుసు.

మధ్యాహ్నానికి జీపు దొరికింది. మాత్రల డబ్బాలతో అతనూ నేనూ బయలుదేరాం. కొయ్యూరు దాటాక జీపు ఆగిపోయింది, అక్కడ నుంచి నడక. ఏటి ఒడ్డునా, దారి పొడుగునా లాంటానా పొదలే. అతను వాటివైపు చూడలేదు. నేను చూసి తల తిప్పుకున్నాను.

ఒకచోట ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నాడు. నేను అడిగాను: "అప్పుడు ఆ మాట ఎందుకన్నావు? వెనక్కి వెళ్ళనని."

చాలాసేపు ఊపిరి పీల్చుకుని చెప్పాడు. "సస్పెన్సనులో ఉన్నప్పుడు గొలుగొండ వైపు ఒక ఊరు ఎల్లేను బాబూ, సుట్టాలింటికి. పక్కింట్లో బాలింతరాలు జొరంతో పోయింది. గోడ మీద గళ్ళు సూసేను. ఆవిడకి జొరమొచ్చిన తారీకున నా సంతకం ఉంది. నేను ఆ గడప తొక్కనేదు. పక్షం పోయినాక వొచ్చి, పాత తారీకు ఏసి సంతకం సేసీసేను. ఆవిడ అత్తగారు నన్ను గుర్తుపట్టింది."

"ఏమంది?"

"ఏటీ అననేదు. ఎండన పడొచ్చేవు బాబూ అని మంచినీల్లిచ్చింది."

అంతే చెప్పి లేచాడు. ఏదో వచ్చి వాలితే మారుతోంది అని రాసుకున్న నాకు, ఆ వాలినది ఏమిటో అడగాలని తొమ్మిది నెలలు తోచలేదు. పువ్వుకు దారం కట్టాను గాని మనిషిని ఒక ప్రశ్న అడగలేదు.

ఊళ్ళో జనం అతన్ని చూసి లేచారు. నన్ను చూసి లేవలేదు. అతను ఇంటింటికీ మాత్రలు మింగిస్తుంటే నేను వెనకే వేళ్ళు పొడుస్తూ వెళ్ళాను. ఒక గుమ్మంలో చాప మీద పిల్లను పడుకోబెట్టుకుని ఒక ఆమె కూర్చుని ఉంది. చెయ్యి చాపమన్నాను. చాపలేదు.

"ఒకపాలి ఇచ్చేం గదా మా నెత్తురు," అంది. "అదేటి సేసేరు? పట్నంలో ఎలకలు తినేసేయా?"

వర్కరు నాకు అడ్డం వచ్చాడు. "పాడైపోయింది పిన్నీ. వానకి తడిసిపోయింది. ఈ బాబు మళ్ళీ తీసుకుంటారు."

ఆమె పిల్ల చెయ్యి ముందుకు జరిపింది, తన చెయ్యి కాదు. ఆ పిల్ల బతికింది. మందు అందాక ఆ ఊళ్ళో ఇంకెవరూ పోలేదు. ఇది ఓదార్పుగా చెప్పడం లేదు. మందు పని చేస్తుందని అందరికీ ముందే తెలుసు. స్లైడ్లు పట్నం చేరకముందు ఇద్దరు పోయారు. ముగ్గురు చేరిన తర్వాత పోయారు. నేను ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా ఆ ముగ్గురూ ఇటు నుంచి అటు జరగలేదు.

విశాఖపట్నం నుంచి మరణాల మీద నివేదిక అడిగారు. యూనిట్ అధికారి నన్నూ వర్కరునూ ముందు గదిలోకి పిలిచాడు. ఫారం బల్ల మీద ఉంది. "స్లైడ్లు అందిన తేదీ", "ఆలస్యమునకు కారణము" అన్న రెండు గళ్ళు తప్ప మిగతా అంతా నింపి ఉంది.

"బుధవారం అందాయని రాద్దామండీ," అన్నాడు నాతో. "అతను వచ్చిన రోజే స్వయంగా పట్టుకొచ్చాడని."

"రిజిస్టర్‌లో సోమవారం అని నా చేతిరాతే ఉంది."

"రిజిస్టర్ ఎవరడుగుతారు? కొండల్లో వాన, వర్కరు సకాలంలో పంపలేదు. అతని మీద ఎలాగూ పాత మచ్చ ఉంది. మచ్చ మీద మచ్చ కనబడదు. మీ మీద పడితే మాత్రం తెల్లచొక్కా మీద సిరా పడ్డట్టే."

వర్కరు గోడ వారగా నిలబడి అంతా వింటున్నాడు. నేను చెప్పవలసిన మాట చాలా చిన్నది. సోమవారం. దాన్ని నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. కలం తీసుకున్నాను గాని ఆ గళ్ళలో ఏమీ రాయలేకపోయాను. నిజం రాసే ధైర్యం లేదు, అబద్ధం రాసే అలవాటు లేదు. అదొక గొప్పతనమని ఆ కొద్ది నిమిషాలు నన్ను నేను నమ్మించుకున్నాను.

అతను వచ్చి నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. అధికారి చెప్పిన తేదీ వేసి, కారణం గడిలో "వర్కరు జాప్యము" అని రాసి, కింద సంతకం చేశాడు.

"అది అబద్ధం," అన్నాను.

"గొలుగొండ పనికి నాకు పడింది నాలుగు నెల్లే బాబూ. ఆ బాలింతరాలి పేరు ఏ కాయితంలోనూ రానేదు. ఇది దానికనుకోండి."

ఒక అబద్ధాన్ని ఇంకొక అబద్ధంతో సరిచెయ్యడం కుదరదు. ఆ బాలింతరాలికీ ఈ ముగ్గురికీ సంబంధం లేదు. అతని లెక్కలో తప్పు ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపించగలను. ఎదుటివాళ్ళ తప్పులు చూపించడమే అంతవరకూ నా వృత్తి. ఆ కాగితం మీద అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని కూడా నాకు తెలుసు. నెల తిరక్కుండా తీసేశారు. ఆ తర్వాత అతనెక్కడికి వెళ్ళాడో కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమై కాదు.

అధికారి ఫారాన్ని నా వైపు జరిపాడు. ల్యాబ్ తరఫున "తనిఖీ చేయబడినది" అన్న రబ్బరు ముద్ర నేనే వెయ్యాలి. వేశాను. మొదటిసారి సిరా సరిగా అంటలేదు. ప్యాడ్ మీద గట్టిగా అద్ది, రెండోసారి వేశాను.